ఏడు నెలల తర్వాత వచ్చిన జవాబు

పెద్ద సరస్సు ఒడ్డున, మ్వాంజా ఊళ్ళోని ‘సరస్సు కబురు’ ఆఫీసులో పోయినవాళ్ళ పేర్లు కొట్టేసే పని మింజాది. ఎవరూ పిలిచి అప్పగించిన పని కాదది. తక్కినవాళ్ళంతా ఏదో ఒక సాకు చెప్పి తప్పుకుంటే ఆమె మీద పడింది. సరస్సు మీదికి వేటకి వెళ్ళే ఆరువేల పైచిలుకు మందికి ఆ ఆఫీసు రోజూ మధ్యాహ్నం మూడింటికి పేరు పెట్టి ఫోనులో కబురు పంపేది. గాలి ఎటు నుంచి, అల ఎంత, పడవ దించొచ్చా కూడదా. చివర ఒక ముక్క: అందితే ఒకటి నొక్కండి. నెలకోసారి రేవుల నుంచి జాబితా వచ్చేది. వేట మానుకున్నవాళ్ళు, వలసపోయినవాళ్ళు, మట్టిలో కలిసినవాళ్ళు, సరస్సు తీసుకుపోయినవాళ్ళు. మింజా కళ్ళద్దాలు తుడుచుకుని, ఒక్కొక్క పేరూ పైకి చదివి మరీ కొట్టేసేది.

“పైకెందుకు చదువుతావక్కా, మెషీనుకి చెవులున్నాయా?” అనేవాళ్ళు పక్క బల్లల వాళ్ళు.

“దానికి లేకపోతే పోనీ. నాకున్నాయిగా,” అనేది.

ఆ చెవులు అబ్బింది టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో. ఉకెరెవే దీవిలో పుట్టి, ఫెర్రీ దగ్గర కాల్చిన కర్రపెండలం అమ్ముకునే తల్లి వెనక పెరిగి, పద్దెనిమిదేళ్ళకి నాన్సియో ఎక్స్‌ఛేంజీలో తీగలు కలిపే పనికి కుదిరింది. పదమూడేళ్ళు అక్కడే. లైను కలిసి అవతలి మనిషి పలక్కపోవడం వేరు, అసలు లైనే లేకపోవడం వేరు, ఆ రెండు నిశ్శబ్దాలకీ తేడా నిద్రలో కూడా చెప్పగలనని అంటుండేది. ఎక్స్‌ఛేంజీ మూతబడ్డప్పుడు చీపురు పడతావా, కంప్యూటర్లు నేర్చుకుంటావా అని అడిగారు. ముప్పైరెండేళ్ళ మనిషి ఇరవయ్యేళ్ళ పిల్లల మధ్య కూచుని నేర్చుకుంది. మొగుడు షీజా బంగారం గనులకని గీతా అనే ఊరు వెళ్ళి అక్కడే ఇంకో కుంపటి పెట్టుకున్నాడు. వెళ్ళి లాక్కురాలేదు, శాపనార్థాలూ పెట్టలేదు. నలభై ఏడు వచ్చేసరికి ఆమెకి మిగిలింది నొప్పుల మోకాళ్ళు, పనిమీద గురి.

ఒక ఏడాది పిడుగుపాటుకి ఆఫీసులో ఉన్న ఒక్క మెషీనూ కాలిపోయింది. రెండు రోజులు సరస్సు మీదికి కబురు లేదు. దాంతో ఒకదాని బదులు మూడు పెడదామన్నారు. మ్వాంజాలో ఒకటి, ముసోమాలో ఒకటి, అవతలి ఒడ్డున బుకోబాలో ఒకటి. ముగ్గురు తోబుట్టువుల్లా మూడింటి దగ్గరా అవే పేర్లు, అవే జవాబులు. ఒకటి పడిపోతే మిగతా రెండూ మోస్తాయి. క్షణానికోసారి ఒకదాన్నొకటి అడుగుతుంటాయి: ఉన్నావా? కొత్తగా ఏం తెలిసింది? పలకని దాన్ని చచ్చినదాని కింద జమకట్టి తమ పని తాము చూసుకుంటాయి. మింజా మూడు వారాలు కూచుని వాటిని కలిపింది. బుకోబా మెషీను బెస్తల సహకార సంఘం ఐసు గోదాములో వెనక గదిలో ఉండేది. దాన్ని కనిపెట్టుకుని ఉండడానికి ర్వెగసీరా అనే రిటైరైన లెక్కల మాస్టారిని పెట్టుకున్నారు.

రెండు రోజులు మూడూ బాగా మాట్లాడుకున్నాయి. మూడో రోజు నవంబరు పద్నాలుగు. పొద్దున్నే బుకోబా లేదు.

“అన్నా, మీ మెషీను పోయింది,” అని ఫోను చేసింది.

“పోవడమేంటి చెల్లీ, నా కళ్ళెదుట దీపం వెలుగుతోంది. పోయింది మీరే. మ్వాంజా చచ్చింది, ముసోమా చచ్చింది, ఇక్కడ నేనొక్కణ్ణే బతికున్నా అంటోందిది.”

“మాకు మీరే పోయినట్టు చూపిస్తోంది.”

“మొక్కజొన్న సంగటి తిని లెక్కలు కడితే అట్లాగే ఉంటాయి. మీ ఒడ్డు సుకుమా జాతివాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా ఇంతే.”

“అరటికాయ ముద్ద తినేవాళ్ళు ముందు తీగ ఊడిందేమో చూసుకోండి.”

తీగ ఊడలేదు. ఇద్దరూ నవ్వుకుని ఫోను పెట్టేశారు గానీ, ఎదురుగా బతికున్న మనిషిని నువ్వు పోయావంటూ, ఆయన చేత తాను పోయాననిపించుకోవడం మింజాకి లోపలెక్కడో చల్లగా తగిలింది.

కారణం సాయంత్రానికి దొరికింది. సంఘానికి ఇంటర్నెట్ ఇచ్చే పెద్దాఫీసు వాళ్ళు ముందురోజు రాత్రి కొత్త ఫైర్‌వాల్ పెట్టారు. వచ్చే పోయే ప్రతి మాటనీ ఆపి చూసే కాపలా గోడ అది. అందులో నంబర్లు వేసిన తలుపులు వేలకి వేలు. ఫోను జవాబులు వచ్చే తలుపు తెరిచే ఉంచారు. మెషీన్లు తమలో తాము మాట్లాడుకునే తలుపు మూసేశారు. మూశామని చెప్పినా బాగుండేది. పోపొమ్మనే గోడైతే తలుపు వేసిన చప్పుడైనా అవతలికి తెలుస్తుంది. ఇది అట్లా కాదు. వచ్చిన మాటని వచ్చినట్టే మింగి ఊరుకుంటుంది. మింజా వరసగా పిలిచి చూసింది. ఎదర మనిషి లేని నిశ్శబ్దం కాదది, లైను లేని నిశ్శబ్దమూ కాదు. ఎవరో చెయ్యి అడ్డం పెట్టి ఉంచినట్టున్న ఆ మూడో రకాన్ని ఆమె అంతకుముందు ఎరగదు.

పెద్దాఫీసులో ఆ గోడ బాధ్యత న్గోవీ అనే అతనిది. మర్యాదస్తుడే.

“ఆ తలుపు నంబరు మా జాబితాలో లేదు మేడమ్.”

“లేదనే గదా బాబూ తెరవమంటున్నా.”

“లేనిదాన్ని తెరవాలంటే ముందు చేర్చాలి. చేర్చడానికి వేరే ఫారం ఉంది.”

“ఆ ఫారం ఎక్కడ దొరుకుతుంది?”

“దానికి ఉత్తరం రాయాలి మేడమ్.”

ఉత్తరం రాసింది, ఫారం నింపింది, సంతకాలు పెట్టించింది. ఆఫీసు పెద్ద మగేసా, “రెండున్నాయిగా, నడిచినన్నాళ్ళు నడవనీ,” అన్నాడు.

అయితే తొమ్మిది రోజులు ఇంకో తిరకాసు నడిచింది. పడమటి ఒడ్డు జవాబులన్నీ బుకోబా మెషీనుకే వెళ్ళేటట్టు కట్టారు. ఆ దారిని మళ్ళీ మ్వాంజాకి తిప్పుకునేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల జవాబులూ బుకోబాలో ఉండిపోయాయి. ర్వెగసీరాని చూసి చెప్పమంటే ఆ మెషీను నోరు విప్పదు. ముగ్గురిలో ఇద్దరు ఔనంటేనే ఏ సంగతైనా పైకి చెప్పాలన్నది దాని కట్టుబాటు. రెండోది దానికి కనపడదు. రాసుకోవడం మానలేదు గానీ చెప్పడం మానేసింది.

సరిగ్గా నవంబరు పద్నాలుగు రాత్రే పడమటి ఒడ్డున గాలివాన వచ్చి ఫెలీషియన్ బ్యాబాతో అనే బెస్తని తీసుకుపోయింది. పడవ మాత్రం మూడోనాడు ఒడ్డుకి కొట్టుకొచ్చింది. జాగ్రత్త గల మనిషి, కబురందితే పడవ దించేవాడు కాదని అతని తమ్ముడు ఆఫీసుకి కోపంగా ఉత్తరం రాశాడు. మింజా రికార్డు తీసి చూస్తే బ్యాబాతో నుంచి జవాబు లేదు. పడమటి ఒడ్డు నుంచి ఆ రోజు ఎవరి జవాబూ లేదు. జవాబుల్ని మన దాకా రానివ్వని గోడ కబుర్లు కూడా కొన్ని మింగి ఉంటుందని మగేసా తేల్చాడు. ‘ఆ రోజు మీ అన్నగారికి మా కబురు చేరలేదు, చింతిస్తున్నాము’ అని మింజాయే రాసి, కింద తన పేరు పెట్టింది. ఆ నెలాఖరున అతని పేరు పైకి చదివి కొట్టేసింది. ఆ తర్వాత చాలా రోజులు, తను కలిపిన తీగలే ఒకణ్ణి ముంచాయన్న ఊహ ఆమెని అంటిపెట్టుకుని ఉంది.

ఏడు నెలలు గడిచాయి. జూన్‌లో ఒక మంగళవారం సరస్సు మీద ఈగలు లేచాయి. దూరానికి నల్లటి పొగ స్తంభాల్లా సుడి తిరుగుతూ వచ్చి ఊళ్ళో పడ్డాయి. కిటికీలు మూసి కూచున్నారు. అద్దాల మీద ఈగలు పేరుకుని పదకొండింటికే గది మసకబడింది. మింజా తల తిప్పి చూసేసరికి తెర మీద మూడు పేర్ల పక్కనా పచ్చ చుక్కలున్నాయి. మ్వాంజా ఉంది. ముసోమా ఉంది. బుకోబా ఉంది.

“అన్నా, మీరేమైనా చేశారా?”

“టీ తాగుతున్నా. చెయ్యమంటే ఇంకో కప్పు తాగుతా.”

న్గోవీకి చేసింది. “మేం తెరవలేదు మేడమ్. మీ ఫైలు ఇంకా నా బల్ల మీదే ఉంది,” అన్నాడతను. కాసేపాగి, “చూస్తున్నా కదా, నా చెయ్యి దాని మీదే ఉంది,” అన్నాడు.

ఎవరు తెరిచినా తెరుచుకుంది కదా అనుకుంది. ఈగల్ని ఊడ్పించే గొడవలో పడి, పొద్దున ఆరువేల రెండువందల పద్నాలుగున్న పేర్లు మధ్యాహ్నానికి ఆరువేల మూడువందల ఒకటి అవడం ఆమె చూసుకోలేదు. మూడయింది. కబురు దానంతటది వెళ్ళిపోయింది. పడమటి గాలి, పెద్ద అల, ఈ రాత్రి పడవ దించకండి.

మూడూ పదికి మొదటి ఫోను వచ్చింది. ముసోమా వైపు మనిషి, గొంతు నింపాదిగా ఉంది.

“మా నాన్నకి కబురు పంపారమ్మా మీరు.”

“అవునండీ, చెప్పండి.”

“ఆయన్ని ఏప్రిల్‌లో పాతిపెట్టాం. వెళ్ళొద్దంటున్నారు. ఎక్కడికి వెళ్ళొద్దంటున్నారు?”

ఆ తర్వాత ఫోను పెట్టడానికి వీల్లేకపోయింది. ఒకామె తిట్టింది. ఒకాయన, తన కొడుకు దొరికాడా, అందుకా పంపారు అని అడిగాడు. ఒక ఫోనులో ఎవరూ మాట్లాడలేదు. ఊపిరి మాత్రం వినిపించింది. పక్క బల్లల వాళ్ళు లేచి గోడకి ఆనుకుని నించున్నారు. ఎవరూ నవ్వడం లేదు.

మింజాకి అప్పటికి అర్థమైంది. పేరు కొట్టేస్తే మెషీను దాన్ని ఊరికే చెరిపెయ్యదు. ఇది పోయిందని తోబుట్టువులకి తెలియడానికి ఆ చోట ఒక గుర్తు పాతుతుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళు దాన్ని సమాధిరాయి అంటారు. పది రోజులకి, అందరికీ తెలిసే ఉంటుందన్న ధీమాతో ఆ రాయినీ పీకేస్తుంది. బుకోబా ఏడు నెలలు గోడ వెనకుంది. దానికి ఎవరు పోయిందీ తెలియదు. తలుపు తెరుచుకోగానే తన దగ్గరున్న పేర్లన్నీ చూపించి, ఇవి మీ దగ్గర లేవే అంది. ఇక్కడ రాళ్ళు లేవు. కాబట్టి మిగతా రెండూ నమ్మాయి, ఎనభై ఏడుగురినీ మళ్ళీ రాసుకున్నాయి.

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని మొదటి నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టింది. ఒకసారి కొట్టేసిన మనుషుల్ని రెండోసారి. గదిలో ఆమె గొంతూ, అద్దానికి ఈగలు రాసుకునే చప్పుడూ తప్ప ఏమీ లేదు. ముప్పై, నలభై. పేరు పక్కన జవాబు గడి ఉంటుంది. అన్నీ ఖాళీ. పోయినవాళ్ళు జవాబివ్వరు. అరవై రెండో పేరు ఫెలీషియన్ బ్యాబాతో. గడిలో టిక్కు పడి ఉంది. ఒకటి నొక్కారు.

 ఆ టిక్కుని తెరిచింది. లోపల తేదీ ఉంది. నవంబరు పద్నాలుగు, మధ్యాహ్నం మూడూ యాభై రెండు. ఆనాటి జవాబే, ఈనాడొచ్చింది. కబురు చేరింది. చేరలేదని ఉత్తరం రాసింది తను.

అప్పుడే ఫోను మోగింది.

“సరస్సు కబురేనా అండీ?” ఆడగొంతు. “బ్యాబాతో ఇంటి నుంచి. ఆయనకి కబురొచ్చింది.”

“పొరపాటమ్మా. క్షమించాలి. పేరు కొట్టేస్తున్నా.”

“అందుకు కాదు. ఒకటి నొక్కమంటారా?”

 “వద్దమ్మా,” అంది మింజా.

“నొక్కకపోతే అందిందని మీకు తెలియదుగా.” అవతల నిశ్శబ్దం. మనిషి ఉండి పలకని నిశ్శబ్దం. “కిందటిసారి తెలియలేదుగా,” అని ఫోను పెట్టేసింది.

ఆ మాట మింజాని శుక్రవారం పడవ ఎక్కించింది.

బుకోబా రేవులో ర్వెగసీరా గొడుగు పట్టుకుని నించుని ఉన్నాడు. తలుపు ఎవరు తెరిచిందీ అప్పటికి తేలింది. కరెంటు పోయి వచ్చినప్పుడు ఫైర్‌వాల్ కొత్త ఏర్పాట్లు మర్చిపోయి పాతవాటితో లేచింది. ఏ చెయ్యీ తెరవలేదు. ఈ సంగతి చెబుతూ మాస్టారు జోకు వెయ్యబోయి మానేశాడు. “చెల్లీ, ఆ తొమ్మిది రోజులూ అది నా పక్కనే అన్నీ రాసుకుంటూ కూచుంది. నేను దాని మీద టీ కప్పు పెట్టుకునేవాణ్ణి,” అన్నాడు.

బ్యాబాతో ఇల్లు ఊరికి దక్షిణంగా, అరటితోటల మధ్య. అతని భార్య కెమిలెంబేకి ముప్పై అయిదుంటాయి. పొడగరి. చాప వేసి, చిన్న బుట్టలో నమలడానికి కాఫీగింజలు పెట్టింది. మింజా రెండు నోట్లో వేసుకుని, సంచిలోంచి కాయితం తీసి ఇచ్చింది. ఒక పేరు, ఒక ఫోను నంబరు, ఒక తేదీ, ఒక టైము. అంతే ఉంది అందులో.

“మూడూ యాభై రెండు,” అని చదివింది కెమిలెంబే. “అప్పుడు చేతినిండా పసరు. అరటికాయలు వొలుస్తున్నా. గుడ్డకి తుడుచుకుని నొక్కాను.”

“నువ్వా నొక్కింది?”

“ఆయనకి దగ్గరి చూపు ఆనదక్కా. ఫోను ఇంట్లోనే ఉండేది. చదివేది నేను, నొక్కేది నేను. తర్వాత రేవుకెళ్ళి చెప్పొచ్చేదాన్ని. రోజూ అంతే.”

“ఆ రోజు?”

“వాన పట్టింది. లోపల అత్తకి జ్వరం. తగ్గాక వెళ్దామనుకున్నా. పక్క పడవల వాళ్ళకీ వచ్చి ఉంటుంది, చెబుతార్లే అనుకున్నా.” బుట్టలో గింజల్ని వేలితో ఒక పక్కకి నెట్టింది. “మీ ఉత్తరం వచ్చింది. మా మరిది అందరిముందూ గట్టిగా చదివాడు. కబురు చేరలేదని. అబద్ధం ఎందుకూ, హమ్మయ్య అనుకున్నా.”

మింజా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

“తర్వాత మెల్లిగా మొదలైంది. చేరని కబురు నేనెట్లా చదివాను? నేను చదివిందేంటి? ఎవరు పంపారు? ఫోనులో వెతికితే లేదు, నిండిపోతే పాతవి అదే చెరిపేస్తుందట. నొక్కానా, నొక్కినట్టు కలగన్నానా? అరటికాయ పట్టుకుంటే చాలు, ఈ బొటనవేలు దానంతటది నొక్కుతుండేది. చూసి మా అత్త ఏడ్చేది. మందులవాడి దగ్గరికి తీసుకెళ్ళారు. ఎవరో చేతబడి చేసి నా చేత నొక్కిస్తున్నారన్నాడు. నేనూ నమ్మాను. మొన్న మళ్ళీ ఆయన పేరుతో వచ్చేసరికి, మొదటిసారి పంపింది కూడా వాళ్ళేననుకున్నా.”

“ఆ ఉత్తరం రాసింది నేనే,” అంది మింజా.

“తెలుసు. కింద పేరుందిగా.”

“నువ్వు నొక్కావు. అది వెళ్ళింది. నడుమ ఒక గోడ ఉండి మా దాకా రాలేదు. ఇదిగో, ఇప్పుడొచ్చింది.”

కెమిలెంబే కాయితాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అరచేత్తో సాపు చేసింది. “అయితే నాకు పిచ్చి లేదన్నమాట,” అంది. ఆ మాటకి ముఖం ఒక్క క్షణం వెలిగింది. ఆ వెంటనే, “పిచ్చి లేకపోతే మిగిలింది తప్పేగా అక్కా,” అంది.

కాదని చెప్పడానికే మింజా నోరు తెరిచింది. ఏడు నెలల కిందట తెలియకుండా ఒక మాట రాసి, ఆ మాట ఈ ఇంట్లో ఏం చేసిందో ఇప్పుడే విన్నది. మళ్ళీ ఇంకో తెలియని మాట చెప్పలేక ఊరుకుంది. ఇద్దరూ గింజలు నములుతూ కూచున్నారు. లోపల ముసలామె దగ్గింది.

లేవబోతూ మింజా అడిగింది. “పేరు కొట్టెయ్యనా?”

“నంబరు ఉంచండి. పేరు మార్చండి. కబురొస్తే రేవుకెళ్ళి ఎవరో ఒకరికి చెప్తా.” కాయితం మడిచి నడుముకి దోపుకుంది. “ఇది ఇంకెవరికి తెలుసు?”

“నాకూ, మాస్టారికీ.”

“మరిదికి నేను చెప్పుకుంటా. మీరు రాయకండి.”

మ్వాంజా తిరిగొచ్చాక మింజా కబురు చివరి ముక్క మార్పించింది. మగేసా గునిశాడు గానీ ఆపలేదు. సరస్సు మీదికి వెళ్ళే మనిషే చదివితే ఒకటి నొక్కండి, ఇంట్లోవాళ్ళు చదివితే రెండు నొక్కండి. మార్చిన మొదటి రోజు నాలుగువేల చిల్లర జవాబులొచ్చాయి. అందులో రెండువేల ఆరువందల మంది నొక్కింది రెండు. మగేసా కుర్చీ వెనక నించుని ఆ అంకె చూశాడు. “మరి ఇన్నేళ్ళూ మనం ఎవరితో మాట్లాడినట్టు?” అన్నాడు.  తర్వాతి ఏడాది నుంచి రేవుల్లో గాలివాన కబురున్న రోజు వెదురుకి ఎర్రగుడ్డ కట్టడం మొదలైంది.

కెమిలెంబే నంబరు నుంచి రోజూ రెండు వచ్చేది. మూడూ అయిదు లోపలే. ఆ ఏడాదే ఆగస్టు చివర, గాలి లేని ఒకనాడు, ఆ గడిలో ఒకటి పడింది. మింజా ఫోను అందుకుంది.

“చెల్లీ, ఒకటి నొక్కావు.”

“చూసే నొక్కానక్కా. పడవ ఊరికే పడి ఉంది. మరిదితో కలిసి నేనూ వెళ్తున్నా.”

“చెప్పావా అతనికి?”

“చెప్పా. నెల రోజులు మాట్లాడలేదు. నిన్నొచ్చి పడవలో వేటదీపం బాగుచేసి పెట్టాడు.” వెనకాల ఎవరో తొందరపెడుతున్నారు. “గాలి లేదన్నారుగా మీరు?”

“లేదు,” అంది మింజా. ఫోను పెట్టేశాక గాలి లెక్కలు మళ్ళీ మొదటి నుంచి చూసింది. మర్నాడు మధ్యాహ్నం మూడయ్యేదాకా ఆమె ఆ తెర ముందు నుంచి పెద్దగా కదల్లేదు. మూడూ నాలుగుకి ఆ నంబరు నుంచి రెండు వచ్చింది. కెమిలెంబే ఇంటికి చేరింది.